కోత లేని ఆపరేషన్

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక నన్ను చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు చూసింది నా ముఖం కాదు. కడుపు చూసింది. దుప్పటి మీదుగానే ఎక్కడ కోసి ఉంటారో అంచనా వేసింది. తెచ్చిన బ్రెడ్డు, ఆపిల్ పండ్లు మంచం పక్కన పెట్టి, గొంతు తగ్గించి ఒకటే మాట అడిగింది.

"తీసేసిండ్రా?"

"ఆఁ" అన్నాను నేను, వచ్చిన ప్రతి ఒక్కరితోనూ.

నిజానికి నా గర్భసంచిని ఎవరూ తియ్యలేదు. అది ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది. తొడ మొదట్లో సూదిపోటుకన్నా కాస్త పెద్దదైన గాటు ఒక్కటే పడింది, అదీ వారానికే మానిపోయింది. "కుట్లు ఎక్కడ పడ్డయ్?" అని అడిగినవాళ్లకు "లోపల్నించి చేసిండ్రు" అని చెప్పాను. ఆ మాట మాత్రం నిజమే. నిజంలో అబద్ధం కలిపితే ఎవరూ పట్టుకోలేరు. నన్ను చూసి వెళ్లేవాళ్లకు గుమ్మం దగ్గర మా అత్తమ్మ చెప్పేది, "పీడ పోయింది బిడ్డకు, సంచి తీసేసిండ్రు" అని. ఆమె సంతోషంగా చెప్తుంటే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

నేను బస్సు కండక్టర్ని. మా ఊరు జమ్మికుంట దగ్గర. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, బిడ్డ కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నది. ఇంట్లో నేనూ, అత్తమ్మా, ఒక బర్రె. నోరు మంచిది కాదు నాకు, ఆ సంగతి మా రూట్లో ఎక్కేవాళ్లందరికీ తెలుసు. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాణ్ని లోపలికి రమ్మని ఒకసారి మర్యాదగా చెప్తాను, రెండోసారి చెప్పే పద్ధతి వేరే. అలాంటి నేను నాలుగేళ్లు నా ఒంటికి భయపడి బతికాను. నెలలో సగం రోజులు రక్తం పోయేది. అడవుల్లోకి, జైనూర్ వైపు దూరం డ్యూటీ పడితే ఇంక చెప్పక్కర్లేదు. గుట్టల మధ్య గంటలకొద్దీ బస్సు పోతూనే ఉంటుంది, ఎక్కడా దిగే వీలుండదు. ఒకరోజు వెనక సీట్లో ఉన్న ముసలామె లేచొచ్చి, ఏమీ అడక్కుండా నా వెనకే ఆనుకుని నిలబడింది. నా చీర వెనక మరక చూసింది. ఆసిఫాబాద్ దాకా అట్లాగే నిలబడి, మూటలోంచి పాత చీర ముక్క తీసిచ్చి దిగిపోయింది. ఆమెకు టికెట్ ఇచ్చానో లేదో కూడా నాకు గుర్తు లేదు.

స్కానింగ్ తీస్తే గర్భసంచి నిండా గడ్డలే. కరీంనగర్‌లో చూపించుకున్న మొదటి డాక్టరమ్మ కాగితం నుంచి తలెత్తకుండానే "తీసేద్దాం" అన్నది. మా ఊళ్లో ఆ మాటకు ఎవరూ భయపడరు. నలభై దాటిన ఆడవాళ్లను లెక్కపెడితే గర్భసంచి ఉన్నవాళ్లే తక్కువ తేలతారు. కడుపునొప్పి అంటే తీసేస్తారు, తెల్లబట్ట అంటే తీసేస్తారు, నడుము లాగుతోందన్నా తీసేస్తారు. నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇంకో పిల్లను కనాలనే కోరిక నాకు లేదు. నా ఒంట్లోదాన్ని తియ్యాలని నన్నడక్కుండానే తేల్చేసిందని కోపం వచ్చింది, అంతే. ఇంకో దవాఖానకు పోయాను. అక్కడికి హైదరాబాద్ నుంచి వచ్చే ఒక డాక్టర్ వేరే దారి చెప్పాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, గడ్డలకు రక్తం పోయే దారుల్లో చిన్న గింజల్లాంటివి వదులుతారట. రక్తం అందక గడ్డలు నెమ్మదిగా కుంచించుకుపోతాయి, సంచి సంచిగానే ఉంటుంది. కాలువకు మట్టి అడ్డం వేస్తే మడి ఎండినట్టు అని నేను అర్థం చేసుకున్నాను.

ఈ సంగతి అత్తమ్మకు చెప్పబోయాను. నిజంగానే చెప్పబోయాను. ఆమె బర్రెకు కుడితి కలుపుతోంది.

"గడ్డలను లోపల్నే వెట్టుకొని ఎండవెడ్తవా?" అన్నది. "అయి మళ్ల లేస్తే? నువ్వు బస్సుల పడిపోతే నీ బిడ్డకు ఎవ్వలు దిక్కు? అది ఉండి ఏం చెయ్యాలె నీకు, ఇంకో పిల్లను కంటవా? తీసి అవతల వడేయమను."

నేను ఇంకేదో అన్నాను. ఆమె కుడితి గిన్నె పక్కన పెట్టేసి ఏడ్చింది. మా అత్తమ్మ తొందరగా ఏడ్చే మనిషి కాదు. ఇద్దరం బతికే ఇల్లు ఇది, ఒకరు పడిపోతే ఇంకొకరు లేపాలి, ఆ భయం ఆమెది. నాకు వాదించే ఓపిక లేదు, అప్పటికే రక్తం లేక మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. "సరే, తీయించుకుంటా" అన్నాను. ఆ పూటకు గొడవ తీరితే చాలనుకున్నాను.

దవాఖానకు నా వెంట పక్కింటి ముస్లిం అక్క వచ్చింది, ఆమెను నేను ఆపా అంటాను. కుట్టుమిషన్ పెట్టుకుని బతికే మనిషి, నాకన్నా కాస్త పెద్దది. అత్తమ్మ బర్రెను వదిలి రాలేదు, అదీ ఒక రకంగా నాకు కలిసొచ్చింది. చల్లటి గదిలో బల్లమీద పడుకోబెట్టి తొడ దగ్గర మత్తు ఇచ్చారు. నాకు మెలకువ ఉంది, డాక్టర్ మాటలు వినిపిస్తున్నాయి, లోపల ఏదో వెచ్చగా పాకినట్టు తెలుస్తోంది. ఇంతేనా అనుకున్నాను. అసలు సంగతి తర్వాత మొదలైంది. కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలన్నారు. నొప్పి మొదటిరోజు గట్టిగా ఉంటుందని ముందే చెప్పారు గానీ, గట్టిగా అంటే ఎంతో ఎవరు చెప్పగలరు? కడుపులోపల ఎవరో బట్టలు పిండుతున్నట్టు ఉంది. నా బిడ్డను కన్నప్పుడు కూడా నేను అట్లా అరవలేదు. నర్సును తిట్టాను, డాక్టర్ని తిట్టాను, నా పాదాలు పట్టుకుని దువా చదువుతున్న ఆపాను కూడా తిట్టాను.

"తిట్టు అమ్మా, తిట్టు. నొప్పి జర హల్కా అయితది" అన్నది ఆమె.

మందు ఎక్కాక నొప్పి తగ్గింది. రెండోరోజు లేచి నడిచాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్, కొన్నాళ్లు జ్వరం, నీరసం ఉంటాయనీ, రెండు వారాల్లో పనికి పోవచ్చనీ, ముట్టు ఒకట్రెండు నెలలు ఆగినా మళ్లీ వస్తుందనీ చెప్పాడు. తలాడించాను. ఆ చివరి మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

ఇక ఇంట్లో నాకు జరిగిన సేవ ఉంది చూడండి, దాన్ని తలచుకుంటేనే సిగ్గేస్తుంది. సంచి తీసేస్తే లోపల ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలోకి గాలి పోతుందని అత్తమ్మ నమ్మకం. తన పాత నూలు చీర చింపి నా నడుముకు కట్టు కట్టింది. పొద్దున విప్పి, నీళ్లు పోసి, మళ్లీ బిగించేది. వంకాయ పెట్టలేదు, కారం పెట్టలేదు, జొన్నరొట్టె మెత్తగా చేసి పెసరపప్పుతో తినిపించింది. వంగి చెంబు తీసుకోబోతే పరుగెత్తుకొచ్చేది. "కుట్లు తెగుతయ్ బిడ్డా, పైలం." లేని కుట్ల కోసం ఆమె మోకాళ్లనొప్పులతో పరుగెత్తుకొచ్చేది. మొదటి వారం నిజంగానే నీరసం ఉంది, ఒళ్లు కాలేది, అప్పుడు అంత సిగ్గనిపించలేదు. రెండో వారానికి ఒళ్లు కుదుటపడింది. అయినా మంచం మీదే ఉన్నాను. లేస్తే ఎట్లా లేచానని అడుగుతుంది కదా.

ఒక మధ్యాహ్నం నా నడుముకట్టు బిగిస్తూ తన ఆపరేషన్ సంగతి చెప్పింది. నేను అడగలేదు, తనంతట తనే చెప్పింది. అప్పటికి మా ఆయనకు ఇంకా బడికి పోయే వయసు కూడా రాలేదట. పొత్తికడుపులో నొప్పి అంటే ఊళ్లో సూదులు వేసే ఆయన హుజూరాబాద్ తీసుకుపోయాడట.

"ఒక్క జీపుల ముగ్గురం పోయినం. ముగ్గురికీ తీసేసిండ్రు. కుట్లు విప్పినంక పత్తి ఏరవోయిన. ఇంట్ల ఎవ్వలున్నరు చెయ్యడానికి? నాకు కట్టు కట్టినోళ్లు లేరు, గందుకే నడుము గిట్లయింది. నీకు గట్ల గాకూడదు."

తనకు ఎవరూ చెయ్యనిదంతా ఆమె నాకు చేస్తోంది. నేను దాన్ని దొంగతనంగా తీసుకుంటున్నాను. అప్పుడే చెప్పేయాల్సింది. "గట్టిగ కట్టకు అత్తమ్మా" అని మాత్రం అన్నాను.

ఆపాకు నా అవస్థ తెలుసు. జాకెట్ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా కళ్లతోనే అడిగేది, చెప్పావా అని. ఒకరోజు అత్తమ్మ బయటికి పోయిన తర్వాత ఉండబట్టలేక అన్నది. "గింత పరేషాన్ ఎందుకమ్మా? ఆమె నీ అత్త, పోలీసు కాదు. చెప్పెయ్." మా ఆయన కూడా ఫోన్‌లో అదే అన్నాడు, తర్వాత "నీ ఇష్టం" అని తప్పుకున్నాడు. మస్కట్‌లో కూర్చుని నీ ఇష్టం అనడం తేలికే. ఇద్దరి మీదా మండిపడ్డాను. వాళ్లు అన్నది నిజం కాబట్టే అంత కోపం వచ్చింది.

డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను. అంత తొందరగానా అని అత్తమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం హాయిగా ఉంది. చీర వెనక్కి తిప్పి చూసుకునే పని లేదు. ముట్టు రాలేదు, తర్వాతి నెలా రాలేదు. ముఖంలోకి రక్తం వచ్చిందని డ్రైవర్ కూడా అన్నాడు. ఇక ఈ సంగతి ఇట్లాగే మరుగున పడిపోతుందని ధైర్యం వచ్చింది.

శ్రావణమాసం వచ్చింది. మా ఊళ్లో పోచమ్మకు బోనాలు తీస్తారు. మా ఇంటి బోనం ఎప్పుడూ అత్తమ్మే ఎత్తుకుంటుంది. కోడలు ఎత్తుకోవాల్సిన వయసులో కూడా నేను ఎత్తుకోలేదు, ఎందుకంటే నా ముట్టుకు మొదట్నించీ ఒక లెక్క ఉండేది కాదు. పోచమ్మ దగ్గరికి పోయే రోజున నేను మైలలో ఉంటానో లేదో ఎవరికీ తెలియదు. అత్తమ్మకు ఆ బెడద లేదు. ఆ ఏడాది ఆమె మెడనొప్పితో తల తిప్పలేకపోతోంది. బోనం పండగకు ముందు నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"నువ్వు దవాఖానల ఉన్ననాడు అమ్మకు మొక్కిన" అన్నది. "నా కోడలు పానంతోని ఇల్లు చేరితే దాని నెత్తి మీదనే బోనం తెస్తనన్న. ఇగ నీకు ఫికర్ లేదు కదా, ముట్టు లేదు, అంటు లేదు. ఇగ జీవితమంత నువ్వే ఎత్తుకోవాలె."

నేను తల ఊపాను. డాక్టర్ చెప్పిన ఆ చివరి మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దూ స్నానాల గదిలోకి భయపడుతూనే పోయాను. నా ఆరోగ్యం కోసం కాదు ఆ భయం. ఆమె మొక్కు నా చేతిలో ఉంది, దాన్ని చెడగొట్టబోతున్నానని.

బోనం రోజు పొద్దున్నే వచ్చింది. చిన్న మరక, అంతే. నాలుగేళ్లు బకెట్లకొద్దీ పోయిన రక్తం ముందు అది ఎంత? ఎవరికీ తెలియదు. తల మీద నీళ్లు పోసుకుని పసుపు చీర కట్టుకున్నాను. వంటింట్లో కొత్త కుండకు సున్నం పూసి, పసుపు బొట్లు పెట్టి, బెల్లపన్నం వండి నింపి ఉంది. వేపకొమ్మలు చుట్టి, పైన దీపం పెట్టడమే మిగిలింది. వాకిట్లో డప్పులవాళ్లు వచ్చేశారు.

నా మటుకు నాకు ఆ రక్తం అంటు అనే నమ్మకం లేదు. అది పోతూ ఉండగానే ఏళ్లకొద్దీ వేలమందికి టికెట్లు ఇచ్చాను, గుడికి పోయేవాళ్లకూ ఇచ్చాను. నాదే మొక్కయితే ఎత్తుకుని పోయేదాన్ని. కానీ ఈ మొక్కు ఆమెది. నేను ఎత్తుకుంటే ఆమెకు తెలియకుండానే ఆమె మాట పాడవుతుంది. తెలియకపోతే ఏం అని మనసు అంటూనే ఉంది. ఎత్తుకోవడానికి వంగాను కూడా. అత్తమ్మ కుండకు రెండో పక్క చెయ్యి వేసి నా ముఖంలోకి చూసి నవ్వింది. నేను చెయ్యి తీసేశాను.

"నేను ఎత్తుకోను అత్తమ్మా."

"ఏమైంది? తల తిరుగుతుందా?"

"ముట్టయింది."

ఆమె మళ్లీ నవ్వింది. "నీకెక్కడి ముట్టు?"

నేను రెండడుగులు వెనక్కి జరిగాను. ఆమె నవ్వు మెల్లగా పోయింది. "తీస్తే ఎట్లయితది?"

"తియ్యలే అత్తమ్మా. నీకు ఆనాడు చెప్పబోయిన కదా, గట్లనే చేయించుకున్న. గడ్డలు ఎండిపోతున్నయ్. సంచి ఉన్నది."

ఆమె కుండ మీంచి చెయ్యి తియ్యలేదు. "వానికి ఎరుకనా?" అని అడిగింది, కొడుకు గురించి.

"ఎరుకే."

"పక్కింటామెకు?"

"ఆమెకు సుత ఎరుకే."

"నాకే ఎరుక లేదు" అన్నది.

తిడుతుందని చూశాను. తిడితే బాగుండు అని కోరుకున్నాను. తిడితే నేను కూడా ఏదో ఒకటి అనగలను, నాకు అది వచ్చు. ఆమె తిట్టలేదు. వాకిట్లో నిలబడ్డ ఒకామెను పిలిచి కుండ తన నెత్తికి ఎత్తించుకుంది. మెడ నొప్పికి ఒక్కసారి కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, డప్పుల వెనక నడిచింది. నేను పసుపు చీరతో వాకిట్లో నిలబడిపోయాను. ఆ చీర విప్పి ఇంకోటి కట్టుకోవడానికి కూడా నాకు చేతులు రాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చింది. మంచం మీద నాకు వీపు పెట్టి కూర్చుని, మెడ మీంచి కొంగు తీసింది. "జర బాము రుద్దు" అన్నది.

"ముట్టుకోవచ్చా?"

"బోనం ఇచ్చి వచ్చిన. ఇగ ఏం గాదు."

బాము తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. మెడ నరాలు గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. రుద్దుతూ నేనే అడిగాను, అమ్మవారికి ఏం చెప్పావని.

"పిల్లకు పానం మంచిగ లేదన్న. వచ్చేయేడు తప్పకుండ ఎత్తుకుంటదని చెప్పిన." పోచమ్మ ముందు నా కోసం అబద్ధమాడి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, రుద్దుతూనే ఏడ్చాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"గడ్డలుంటే కోయకుంట ఎండవెట్టొచ్చన్నవ్ కదా" అన్నది.

"ఆఁ."

"నాకు ఉండెనా?"

నాకు అర్థం కాలేదు.

"గడ్డలు. నాకు ఉండెనా అని. నొప్పి అని పోయిన, తీసేసిండ్రు. ఏమున్నదని వాళ్లు చెప్పలే, నేను అడుగలే. మాతోని వచ్చిన ఇద్దరికి సుత ఎరుక లేదు. నువ్వు దవాఖానలు తిరిగినవ్, నీకు ఎరుక ఉంటది. ఉండెనంటవా?"

స్కానింగ్ తీశారా అత్తమ్మా అని నోటిదాకా వచ్చింది. తియ్యలేదని నాకు తెలుసు. ఒకే రోజు, ఒకే జీపులో, ముగ్గురు. ఆ రోజున ఆమె వయసు ఇప్పటి నా వయసుకన్నా ఎంతో తక్కువ. నాకు వచ్చినట్టు ఆమెకు ఆనాడు కోపం రావడానికి కూడా ఎవరూ జాగా ఇవ్వలేదు.

"ఉండే ఉంటయ్ అత్తమ్మా" అన్నాను. "లేకుంటే ఎందుకు తీస్తరు?"

ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. "అంతే. లేకుంటే ఎందుకు తీస్తరు" అన్నది.

ఇప్పుడు మా ఇంటికి ఎవరైనా కడుపునొప్పి అని వచ్చి కూర్చుంటే అత్తమ్మ తన సంగతి చెప్తుంది. ఇదివరకు ఎప్పుడూ చెప్పేది కాదు. "నాయి పెద్ద పెద్ద గడ్డలు, గందుకే తీసిండ్రు. మా కోడలే చెప్పింది" అంటుంది. నేను అక్కడ ఉంటే నా వైపు చూస్తుంది, నేను తల ఊపుతాను.